స్లావు భాషలలో ‘కాలు’ - ‘నొగ’ పుట్టుకను గూర్చిన వాదం: ఒక విమర్శ

ఏ భాషలోనైనా త్వరగా మారని మాటలేవి అని అడిగితే భాషాశాస్త్రజ్ఞులు ముందుగా చెప్పేవి సంఖ్యల పేర్లు, బంధుత్వాల పేర్లు, శరీరావయవాల పేర్లు. సంతలో సరకుల పేర్లు మారవచ్చును. రాజ్యాలతోబాటు కొలువుల పేర్లు మారవచ్చును. కన్ను, ముక్కు, చేయి, కాలు మాత్రం తరతరాలుగా ఆ మాటలతోనే నిలిచి ఉంటవని వారి అభిప్రాయం. అమెరికను భాషాశాస్త్రజ్ఞుడు మోరిస్ స్వదేశ్ 1955లో 100 మూల పదాల పట్టిక కూర్చినపుడు అందులో ‘పాదం’, ‘గోరు’ రెండింటికీ చోటు ఇచ్చినది ఈ అభిప్రాయంతోనే.

స్లావు భాషల చరిత్ర ఈ అభిప్రాయానికి ఒక చిక్కు ప్రశ్న వేస్తున్నది. పాదానికి పూర్వం నుండి ఉన్న మాట అక్కడ తన స్థానం కోల్పోయినది. దాని స్థానంలోనికి వచ్చిన మాట గోటికి సంబంధించిన కుటుంబంలోనిది! ఇది ఎట్లు జరిగినది? “పశువుల గిట్టకు ఉన్న పేరును మనుష్యుల కాలికి పరిహాసంగా వాడగా అదే స్థిరపడినది” అని ఈ పద చరిత్రను వివరించేవారు తరచు చెబుతారు. వినడానికి ముచ్చటైన కథ. అయితే ముచ్చటగా ఉన్నంత మాత్రాన కథ శాస్త్రం కాదు. దీనిలో ఎంత భాగానికి సాక్ష్యం ఉన్నదో, ఎంత భాగం ఊహయో విడదీసి చూడవలసి ఉన్నది.

చుక్క గుర్తు గల మాట

రష్యను, ఉక్రేనియను, పోలిష్, చెక్, స్లొవాక్, స్లొవీను, సెర్బియను, బల్గేరియను మొదలయినవి స్లావు భాషలు. ఇవి సుమారు 1500 ఏండ్ల క్రిందట దాదాపు ఒకే భాషగా ఉండినవి. ఆ భాషకు మూల స్లావు భాష అని పేరు. దానిలో వ్రాసిన శాసనం గాని, గ్రంథం గాని ఒక్కటీ లేదు. సిరిల్, మెథోడియస్ అనే సోదరులు 863లో మొరావియా దేశానికి వెళ్ళిన కాలంలో స్లావు భాషకు వ్రాత ఏర్పడినది. ఇప్పుడు లభిస్తున్న ప్రాచీన ప్రతులు 10, 11 శతాబ్దాలవి.

మరి వ్రాత లేని కాలపు మాట ఎట్లు తెలుస్తుంది? పిల్ల భాషలను పోల్చి చూచి తల్లి భాషలోని రూపాన్ని లెక్క కడతారు. కాలుకు రష్యను, పోలిష్, స్లొవీను, సెర్బియను భాషలలో ‘నొగ’ అనే మాట ఉన్నది. చెక్, స్లొవాక్, ఉక్రేనియను భాషలలో అదే ‘నొహ’. ఈ భాషలలో ‘గ’ స్థానంలో ‘హ’ రావడం ఒక్క మాటకు పరిమితం కాదు. కొండను రష్యనులో ‘గొర’ అంటే చెక్‌లో ‘హొర’ అంటారు. ఇట్టి క్రమం ఉన్నది కాబట్టి మూల రూపం *నొగ అని నిర్ణయించినారు. మాటకు ముందున్న చుక్క గుర్తుకు అర్థం ఇది: “ఈ రూపం ఎక్కడా వ్రాసి దొరకలేదు, పోలిక వలన కట్టినది.” 19వ శతాబ్దంలో జర్మను పండితుడు ఆగస్ట్ శ్లైఖర్ ఈ గుర్తును ప్రచారంలోనికి తెచ్చినాడు. తరువాత ఇది శాస్త్రంలో నియమమైనది.

‘నొగ’ అర్థంలో తెలుగు ‘కాలు’కు చక్కగా సరిపోతుంది. ఇంగ్లీషువారు తొడ నుండి చీలమండ వరకు ఒక మాట, అడుగు భాగానికి మరొక మాట వాడతారు. రష్యనులకు, తెలుగువారికి రెండింటికీ ఒకే మాట చాలును.

మొదటి మెట్టు: ధ్వని

స్లావు భాషలకు మిక్కిలి దగ్గరి చుట్టాలు బాల్టిక్ భాషలు. వీటిలో లిథువేనియను, లాట్వియను నేటికీ సజీవంగా ఉన్నవి. లిథువేనియనులో ‘నగా’ అంటే గిట్ట, ‘నగస్’ అంటే గోరు. లాట్వియనులో ‘నగ్స్’ గోటికీ గిట్టకూ చెల్లుతుంది. స్లావు ‘నొగ’ వీటికి చుట్టమని చెప్పడానికి ఆధారం పైపై పోలిక కాదు, నియమం. స్లావు భాషలో హ్రస్వమైన ‘ఒ’ ఉన్న చోట లిథువేనియనులో ‘అ’ ఉంటుంది. రాత్రికి రష్యనులో ‘నోచ్’, లిథువేనియనులో ‘నక్తిస్’. కంటికి ప్రాచీన స్లావులో ‘ఒకొ’, లిథువేనియనులో ‘అకిస్’. గొర్రెకు రష్యనులో ‘ఒవ్‌త్స’, లిథువేనియనులో ‘అవిస్’. సంస్కృతం చదివినవారు ఈ మాటల వెనుక నక్తం, అక్షి, అవి అనే పదాలను సులభంగా గుర్తించగలరు. ‘నొగ’, ‘నగా’ ఈ వరుసలోనే ఇమిడిపోతవి.

నియమం ఎంత అవసరమో ఒక ఉదాహరణ వలన తెలుస్తుంది. రష్యనులో ‘నగోయ్’ అనే మరొక మాట ఉన్నది; దిగంబరుడని అర్థం. నేటి రష్యనులో ఊనిక లేని ‘ఒ’ను ‘అ’ వలె పలుకుతారు కాబట్టి ‘నొగ’ కూడా నోట ‘నగా’ అనే వినిపిస్తుంది. చెవికి రెండూ ఒక తల్లి బిడ్డలే. అయితే ‘నగోయ్’లోని ‘అ’ ప్రాచీనమైన దీర్ఘాచ్చు నుండి వచ్చినది. అట్టి చోట లిథువేనియనులో ‘ఉఒ’ అనే సంధ్యచ్చు ఉండవలె. ఇచ్చుటకు స్లావులో ‘దతి’, లిథువేనియనులో ‘దుఒతి’, సంస్కృతంలో ‘దా’ ధాతువు. అట్లే దిగంబరునికి లిథువేనియనులో ‘నుఒగస్’. ఇది సంస్కృత ‘నగ్న’ శబ్దానికి జ్ఞాతి. గోరు కుటుంబానికీ దీనికీ సంబంధం లేదు. తెలుగు బండికి ఉండే ‘నొగ’కు స్లావు ‘నొగ’తో ఎంత సంబంధమో, దీనికీ అంతే! చెవికి ఒకటిగా తోచినవాటిని నియమం విడదీస్తుంది. వేరుగా తోచినవాటిని కలుపుతుంది. కాబట్టి మొదటి మెట్టు గట్టిది. ‘నొగ’ గోరు, గిట్ట అనే మాటల కుటుంబంలోనిదని నిస్సంశయంగా చెప్పవచ్చును.

ఈ కుటుంబం చాలా విశాలమైనది. గ్రీకు ‘ఒనుక్స్’, లాటిను ‘ఉంగ్విస్’, జర్మను ‘నాగెల్’, ఇంగ్లీషు ‘నెయిల్’, సంస్కృత ‘నఖం’, పారసీక ‘నాఖున్’ అన్నీ గోటి పేర్లే. ఇందులో ఒక చిన్న ముడి ఉన్నది. తక్కిన భాషల సాక్ష్యాన్ని బట్టి చూస్తే సంస్కృతంలో ‘ఖ’కారానికి బదులు ‘ఘ’కారం ఉండవలెను. పారసీకంలోనూ ‘ఖ’ ధ్వనియే ఉన్నది కాబట్టి ఈ మార్పు భారత, ఇరాను శాఖలకు ఉమ్మడిగా జరిగి ఉండవలె. దానికి కారణం చెప్పడం కష్టం. కాని స్లావు, బాల్టిక్ మాటల సంబంధం ఈ ముడి మీద ఆధారపడి లేదు. ఒక కొమ్మ వంకరగా ఉన్నంత మాత్రాన చెట్టు మొదలుకు లోటు రాదు.

రెండవ మెట్టు: అర్థం

గోరు ముందా, కాలు ముందా? అర్థం ఏ దిక్కుగా నడిచినదో ధ్వని నియమం చెప్పదు. దీనికి వేరే సాక్ష్యాలు కావలె. అవి మూడు ఉన్నవి.

మొదటిది భాషల విస్తృతి. ఈ కుటుంబపు మాటలకు గోరు అనే అర్థం భారతదేశం నుండి పడమటి ఐరోపా వరకు ఉన్నది. కాలు అనే అర్థం స్లావు భాషలలోను, వాటికి పొరుగున ఉండిన ఒక భాషలోను మాత్రమే కనబడుతుంది. దూరదూరంగా ఉన్న భాషలన్నీ విడివిడిగా కాలిని గోరుగా మార్చుకొన్నవి అనుకొనడం కంటె ఒక మూలలో గోరు కాలుగా మారినది అనుకొనడమే సమంజసం.

రెండవ సాక్ష్యం స్లావు భాషలలోనే ఉన్నది. రష్యనులో గోటికి ‘నొగొత్’ అంటారు. దీని మూల స్లావు రూపం *నొగుతి వంటిది. అంటే పాత అర్థం ఇల్లు విడిచి పోలేదు. ప్రత్యయం తగిలించుకొని ఒక గదిలో ఉండిపోయినది. ప్రత్యయం లేని ‘నొగ’ మాత్రం కాలు అయినది.

మూడవ సాక్ష్యం ప్రాచీన ప్రష్యను భాష. ఇది బాల్టిక్ శాఖకు చెందినది. 18వ శతాబ్దారంభంలో మాసిపోయినది. సుమారు 1400 నాటి ప్రతిలో 802 మాటలు గల జర్మను-ప్రష్యను పదపట్టిక ఒకటి 1825లో ఎల్బింగ్ పట్టణంలో బయటపడినది. ఆ పట్టణం ఇప్పుడు పోలండులో ఎల్‌బ్లాంగ్ అనే పేరుతో ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ వ్రాతప్రతి కనబడకుండా పోయినా, అంతకు పూర్వమే తీసిన ప్రతిబింబ ముద్రణ వలన అందులోని పాఠం దక్కినది. ఆ పట్టికలో పాదానికి ‘నగె’ అనీ, గోటికి ‘నగుతిస్’ అనీ ఉన్నది. స్లావు భాషలోని ‘నొగ’, ‘నొగొత్’ అనే జంటకు ఇది అచ్చుగుద్దినట్లున్న జంట.

ఈ సాక్షిని విచారణ లేకుండా అంగీకరించరాదు. ప్రష్యనులకు పోలిష్ ప్రజలు ఇరుగుపొరుగువారు. ఆ పట్టికలో పోలిష్ నుండి వచ్చిన ఎరువు మాటలు కొన్ని ఉన్నవి. ‘నగె’ సొంత మాటయే అయినా, దానికి పాదం అనే అర్థం పోలిష్ ‘నొగ’ ప్రభావం వలన వచ్చి ఉండవచ్చును. అట్లయితే దానిని స్వతంత్ర సాక్షిగా లెక్కించడానికి వీలు లేదు. అయినప్పటికీ తక్కిన రెండు సాక్ష్యాలు చాలును. గోరు నుండి గిట్టకు, గిట్ట నుండి కాలికి అర్థం నడిచినదనే మాట బలమైనది. మొదటి మెట్టు అంత గట్టిది కాకపోయినా, నమ్మి కాలు పెట్టదగినదే.

వెళ్ళిపోయిన మాట

పాదానికి పూర్వపు మాట ఏది? సంస్కృత ‘పాద’, గ్రీకు ‘పూస్’, లాటిను ‘పేస్’, ఇంగ్లీషు ‘ఫుట్’ ఒకే కుటుంబం. తెలుగులోని ‘పాదం’ సంస్కృతం నుండి ఎరువు తెచ్చుకొన్నది. స్లావు పూర్వులకు కూడా ఈ మాట ఉండినదనడానికి గుర్తు రష్యను ‘పెషీ’. కాలినడకన పోయేవాడని దీని అర్థం. చదరంగంలో బంటును రష్యనులు ‘పెష్క’ అంటారు. సంస్కృతంలో కాలిబంటును ‘పదాతి’ అంటారు. రెండు మాటలలోను ఉన్నది ఒకే పాదం. లిథువేనియనులో ‘పేద’ అడుగు, అడుగుజాడ అనే అర్థాలతో మిగిలి ఉన్నది. అవయవం పేరు పోయినది. నడక పేరు మిగిలినది.

తూర్పు, పడమర, దక్షిణ స్లావు శాఖలన్నిటా ‘నొగ’ ఉన్నది కాబట్టి ఈ మార్పు అవి విడిపోక పూర్వమే జరిగి ఉండవలె. ఆ మార్పు అక్కడితో ఆగలేదు. బల్గేరియనులో నేడు కాలికి వాడుక మాట ‘క్రాక్’. దీనికి పోలిష్‌లో జ్ఞాతి ‘క్రొక్’, అంటే అడుగు. రష్యనులో ‘ఒకొరొక్’ అంటే పంది తొడ మాంసం. పాత మాటను తోసివేసిన ‘నొగ’ను మరొక మాట తోసివేసినదన్న మాట! అవయవాల పేర్లు మారవనే సూత్రం మంచిదే గాని, అది శాసనం కాదు.

మూడవ మెట్టు: పరిహాసం

ఇక కథలోని రసవత్తరమైన భాగం. గిట్ట అనే మాటను మనుష్యుల కాలికి వేళాకోళంగా వాడినారనీ, వాడగా వాడగా వేళాకోళం అరిగిపోయి మాట మిగిలినదనీ అంటారు. దీనిని సమర్థించేవారు లాటిను సంతతి భాషల నుండి ఉదాహరణలు తెస్తారు. లాటినులో ‘తెస్త’ అంటే కుండ, పెంకు. దాని నుండి ఫ్రెంచిలో తలకు ‘తెత్’ అనే మాట వచ్చినది. లాటిను చివరి దశలో గుర్రపు కాలి కీలుకు ‘గంబ’ అనేవారు. అదే ఇటాలియనులో ‘గంబ’, ఫ్రెంచిలో ‘జాంబ్’ అయి మనుష్యుల కాలికి పేరైనది. లాటిను ‘పెర్న’ పంది తొడ మాంసం. స్పానిషులో దాని సంతతి ‘పియెర్న’ మనుష్యుల కాలు. తెలుగులోనే చూడవచ్చును. ఎండిన సొరకాయ డొల్లను ‘బుర్ర’ అంటారు. తలను కూడా ‘బుర్ర’ అంటారు.

ఇవి విలువైన ఉదాహరణలే. పశువు కాలి పేరు మనిషి కాలికి రావడం సాధ్యమే అని ఇవి నిరూపిస్తవి. లాటినుకు వ్రాత ఉన్నది కాబట్టి అక్కడ ఈ నడక కంటికి కనబడుతుంది. కాని సాధ్యమైనదంతా జరిగినట్లు కాదు. పైగా ఈ ఉదాహరణలు నిరూపించేది అర్థం నడిచిన దారిని. ఆ దారిలో జనం నవ్వుతూ నడిచినారా, మామూలుగా నడిచినారా అనే దానిని కాదు. ‘తెస్త’ పెంకు నుండి కపాలానికి, కపాలం నుండి తలకు ఏ నవ్వూ లేకుండానే పోయి ఉండవచ్చును. కపాలం కూడా ఒక పెంకే గదా.

తెలుగు ‘బుర్ర’ ఇక్కడ మంచి గుణపాఠం చెబుతున్నది. తలనొప్పి, తలపాగా, తలగడ అనే మాటలలో ‘తల’ స్థానం చెక్కు చెదరలేదు. “వాడికి బుర్ర లేదు” అనే వాక్యంలో ఉన్న చనువు, తేలికదనం తెలుగువారి చెవికి వెంటనే తెలుస్తుంది. ఎందుచేతనంటే రెండు మాటలనూ పక్కపక్కన వినే మనుష్యులు ఉన్నారు. ఒక వెయ్యి ఏండ్ల తరువాత ‘తల’ పోయి ‘బుర్ర’ మాత్రమే మిగిలితే, ఆనాటివారికి ధ్వని తెలుస్తుంది, అర్థం తెలుస్తుంది. ఈ చనువు మాత్రం తెలియదు. మూల స్లావు విషయంలో నేటి శాస్త్రజ్ఞుడు సరిగ్గా ఈ స్థితిలో ఉన్నాడు. తులనాత్మక పద్ధతి ధ్వనులను తిరిగి కట్టగలదు. అర్థాలను కొంతవరకు కట్టగలదు. పలికినవారి కంఠస్వరాన్ని కట్టలేదు. వ్రాతలోనికి వచ్చే నాటికే ‘నొగ’ గౌరవమైన మాట. గ్రీకు సువార్తలను స్లావులోనికి అనువదించినప్పుడు పాదానికి వాడినది ఈ మాటనే.

పరిహాసం లేకుండానే ఈ మార్పును వివరించే మార్గం కూడా ఉన్నది. లిథువేనియనులో గోరు ‘నగస్’ పుంలింగం. గిట్ట ‘నగా’ స్త్రీలింగం. ఈ కుటుంబపు భాషలలో ‘ఆ’కారాంత రూపాలు కొన్ని మొదట సమూహాన్ని తెలిపి, తరువాత స్త్రీలింగ ఏకవచనాలైనవి. లాటినులో ‘ఫొలియుం’ ఆకు, ‘ఫొలియ’ ఆకులు. ఆ బహువచనమే ఇటాలియనులో ‘ఫొల్య’ అయి ఒక్క ఆకుకు స్త్రీలింగ ఏకవచనమైనది. అట్లే ‘గోళ్ళ సముదాయం’ అనే అర్థం గల రూపం మొదట గిట్టకు, పంజాకు, తరువాత పాదానికి, చివరకు మొత్తం కాలికి వ్యాపించి ఉండవచ్చును. పశువులను పెంచుకొని బ్రతికే జనానికి గిట్ట నిత్యం కంటి ఎదుట ఉండే వస్తువు. దాని పేరు మనిషికి రావడానికి ఎగతాళి ఒక్కటే కారణం కానక్కర లేదు. ఈ రెండవ మార్గం కూడా ఊహయే. ఒకే ఫలితానికి రెండు దారులు కనబడుతున్నప్పుడు ఒక దారినే చరిత్రగా చెప్పడం మాత్రం న్యాయం కాదు.

నిఘంటువుల లోటు

స్లావు పద చరిత్రకు ప్రామాణిక గ్రంథాలు కొన్ని ఉన్నవి. మాక్స్ వాస్మర్ రష్యను వ్యుత్పత్తి నిఘంటువు 1950-58 మధ్య హైడల్‌బర్గులో వెలువడినది. దానిని ఒలెగ్ త్రుబచోవ్ రష్యనులోనికి అనువదించి, అనుబంధాలు చేర్చి 1964-73లో ప్రకటించినాడు. మూల స్లావు పదాలన్నిటికీ ఉద్దేశించిన మహా నిఘంటువు 1974లో మాస్కోలో ఆరంభమైనది. రిక్ డెర్క్‌సెన్ నిఘంటువు 2008లో లైడెనులో వచ్చినది. వీటి వెనుక ఉన్న శ్రమ అసాధారణమైనది. ‘నొగ’ వంటి ఒక్క మాటకు పది పన్నెండు భాషల రూపాలను సేకరించి, పరీక్షించి, అర పుటలో ఇమిడ్చి పెట్టడం సామాన్యమైన పని కాదు.

ఆ అర పుటలోనే ఒక చిక్కు కూడా దాగి ఉన్నది. నిఘంటువు క్లుప్తతను కోరుతుంది. నియమంతో నిరూపించినదీ, సాక్ష్యంతో బలపడినదీ, కేవలం తోచినదీ ఒకే వరుసలో, ఒకే అచ్చులో పక్కపక్కన నిలుస్తవి. రూపం ఊహ్యమైతే దానికి చుక్క గుర్తు ఉన్నది. అర్థం నడిచిన కారణం ఊహ్యమైతే దానికి ఏ గుర్తూ లేదు. ‘బహుశా’ అనే ఒక్క మాట ఉన్నా, దానిని ఎత్తి వ్రాసేవారు మొదట వదలివేసేది ఆ మాటనే. చివరకు పాఠకునికి చేరేది చుక్క గుర్తు లేని కథ.

ఉన్నత పాఠశాలలో ఈ మాటను పాఠంగా చెప్పదలచిన ఉపాధ్యాయుడు కథను వదలివేయనవసరం లేదు. బల్ల మీద మూడు వరుసలు వ్రాస్తే చాలును. నొగ, నగా, నగస్ ఒకే కుటుంబం - ఇది నియమం వలన నిశ్చితం. గోరు, గిట్టల నుండి కాలు అనే అర్థం వచ్చినది - ఇది సాక్ష్యాల వలన బలీయం. పరిహాసం దానికి కారణం - ఇది పోలికల వలన సాధ్యం. అంతకు మించి కాదు. ‘నొగ’, ‘నగోయ్’ రెండూ ఒక కుటుంబమేనా అని విద్యార్థులను అడిగి, లిథువేనియను మాటలు అందించి వారి చేతనే తేల్పించవచ్చును. ‘నొగ’ ముందు చుక్క పెట్టి తన హద్దును తానే చెప్పుకొన్న శాస్త్రం, ఆ మాట వెనుక ఉన్న కథకు కూడా అదే మర్యాదను పాటించవలె.